సిత్రా: చమురు ట్యాంకుల వెనక మంచినీటి జాడలు



బహ్రెయిన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు ఎవరి ఫోన్ తిరగేసినా అవే ఫొటోలు. మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ కమాను, పెద్ద మసీదు గుమ్మటం, సముద్రపు ఒడ్డున పాత కోట, ఎడారి మధ్య ఒంటరిగా నిలబడ్డ ఒక చెట్టు. చుట్టాలొచ్చినా, కొత్త పెళ్ళికూతురు మొదటిసారి విమానం దిగినా, కారు ఇదే వరసలో తిరుగుతుంది. తిరగడం తప్పని నేను అనను. ఆ కోట యునెస్కో జాబితాకి ఎక్కింది, చూడాల్సిందే. సౌదీ అరేబియా నుంచి సముద్రం మీదుగా పాతిక కిలోమీటర్ల వంతెన 1986లో తెరిచిన దగ్గర్నుంచి వారాంతం వచ్చిందంటే కార్లు బారులు తీరే దేశం అది. అంతమంది వచ్చే చోట అందరూ చూసేది ఒకటే కావడంలో వింతేమీ లేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఫొటోల్లో ఎక్కడా కనపడని ఒక దీవి గురించి. పేరు సిత్రా. మనామాకి దక్షిణాన, తూర్పు తీరంలో ఉంటుంది. పేరుకే దీవి. వంతెనల మీదుగా కారులో నేరుగా వెళ్ళిపోవచ్చు, చుట్టూ సముద్రాన్ని పూడ్చి పూడ్చి ఒడ్డు పెంచారు కూడా. వంతెన దిగగానే కనపడేవి తెల్లటి చమురు ట్యాంకులు, పైపులు, పొగగొట్టాలు, గోదాములు, లారీలు. బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేను సిత్రా వెళ్తున్నానంటే తెలిసినవాళ్ళంతా ఒకటే ప్రశ్న వేసేవారు: "అక్కడేముంది, ట్యాంకులు తప్ప?"

ట్యాంకులు ఉన్నమాట నిజమే. అయితే ఇసుక తీరం కావాలనుకున్నవాళ్ళు అల్ దార్ దీవులకి పడవెక్కేది కూడా సిత్రా జాలరి రేవులోనే. కారు నిలుపుతారు, పడవెక్కుతారు, కొద్ది నిమిషాల్లో అవతల దిగుతారు. సాయంత్రం వెనక్కొచ్చి కారెక్కి వెళ్ళిపోతారు. సిత్రాలో కాలు పెట్టి, సిత్రాని చూడకుండా పోయేవాళ్ళే ఎక్కువ.

నా అనుభవం చెబుతాను. బహ్రెయిన్‌లో ఎవరూ చూడని చోట్లు వెతకాలంటే దూరం పోనక్కర్లేదు. "ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు ఎక్కడుండేవి?" అని అడగాలి. మంచినీళ్ళయినా సరే, ఉప్పునీళ్ళయినా సరే. ఆ ప్రశ్న పట్టుకుని నడిస్తే దారి సిత్రాకే తీసుకుపోతుంది.

ముందు ఆ ఎడారి చెట్టు సంగతి చెప్పి తర్వాత దీవికి వస్తాను. దాన్ని 'జీవవృక్షం' అంటారు. నాలుగు వందల ఏళ్ళు పైబడిన చెట్టు. చుట్టుపక్కల నీటి చుక్క కనపడదు, అయినా పచ్చగా ఉంటుంది. దాని ముందు ఫొటో తీసుకునే తెలుగువాళ్ళని అడిగి చూడండి, ఇదేం చెట్టని. పేరు తెలియదంటారు. వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కువమంది చెప్పేదాని ప్రకారం అది జమ్మి! దసరా నాడు మనం ఆకు తెంపి బంగారమని పంచుకునే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. సర్కారు తుమ్మ అనేవాళ్ళూ ఉన్నారు గాని, అంత పాత చెట్టుకి నేను జమ్మినే నమ్ముతాను. వేళ్ళు లోతుకి పోయి ఎక్కడి తేమనో వెతుక్కున్నాయి. పైన ఎండిపోయినట్టు కనపడే ఆ నేల అడుగున నీరుందని ఆ ఒక్క చెట్టే సాక్ష్యం చెబుతోంది.

నీరుండేది. మామూలుగా కాదు, పొంగి పొర్లేది. సౌదీ తూర్పు భూభాగంలో వేల ఏళ్ళ కిందట కురిసిన వాన సున్నపురాయి పొరల్లోకి ఇంకి, సముద్రం అడుగు నుంచే ప్రయాణించి, బహ్రెయిన్ దగ్గర పైకి ఊరేది. ఏడాదికి నాలుగు చినుకులు పడే దేశంలో ఖర్జూర తోటలు, కూరగాయల మడులు, నిమ్మచెట్లు ఎలా పెరిగాయంటే ఈ ఊటల వల్లే. సిత్రాలోనూ ఊటలుండేవి. వాదియాన్, ఖారిజియా, మహజ్జా, సుఫాలా లాంటి పల్లెలు వాటిని ఆనుకుని పుట్టినవే. అక్కడి ముసలివాళ్ళు చిన్నప్పుడు ఊటల్లో ఈదిన కబుర్లు చెబుతుంటే, ఎదురుగా కాంక్రీటు గోడ చూస్తూ వినడం తమాషాగా ఉంటుంది.

మరీ విచిత్రం, కొన్ని ఊటలు నేల మీద కాదు, సముద్రం అడుగున ఉండేవి. చుట్టూ ఉప్పునీళ్ళు, మధ్యలో తీపినీళ్ళ బుగ్గ. ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీదే ఉండిపోయే మునకగాళ్ళు తోలు సంచితో కిందికి మునిగి, ఊట నోటి దగ్గర సంచి మూతి తెరిచి, నింపి, బిగించి పైకి తెచ్చేవారు. దాహం తీర్చుకోవడానికి సముద్రంలోకి మునగడం! మన కోస్తా పల్లెల్లో అలలు తాకే ఒడ్డుకి నాలుగు అడుగుల దూరంలో ఇసుక తవ్వి చెలమలో తీపినీళ్ళు తోడుకుంటారు చూడండి, అలాంటి చెలమ నడిసముద్రంలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాలుగు వేల ఏళ్ళ కిందటి సుమేరు కథల్లో దిల్మున్ అనే పుణ్యభూమికి ఎన్కీ దేవుడు తీపినీళ్ళు రప్పిస్తాడు. ఆ దిల్మున్ ఇదేనని చరిత్రకారులు అంటారు. ఇక్కడ తవ్వకాల్లో దొరికిన తూకపు రాళ్ళు సింధు నాగరికత తూకాలతో సరిపోయాయి. మన వర్తకులు అప్పటికే వచ్చి పోయేవాళ్ళన్నమాట. గల్ఫ్‌కి మనవాళ్ళ ప్రయాణం నిన్న మొన్నటిది కాదు.

మరి ఆ నీళ్ళేమయ్యాయి? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది.

1925లో న్యూజిలాండ్‌కి చెందిన మేజర్ ఫ్రాంక్ హోమ్స్ అనే ఆయన బహ్రెయిన్‌లో నీటి బావులు తవ్వించాడు. యంత్రంతో లోతుకి తొలిస్తే నీళ్ళు తన్నుకొచ్చాయి. బహ్రెయిన్ పాలకుడైన షేకు సంతోషించాడు. ఆ ఏడాది డిసెంబరులోనే హోమ్స్ చేతికి చమురు వెతుక్కునే హక్కు పత్రం వచ్చింది. అసలు ఆయన మనసులో ఉన్నది మొదటి నుంచీ చమురే. తర్వాత ఆ హక్కు చేతులు మారి అమెరికన్ కంపెనీకి చేరింది, బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీ పుట్టింది. దాన్నే అందరూ బాప్కో అంటారు. 1932 జూన్ 1న జబల్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కి అరబ్బుల వైపు తీరంలో పడ్డ మొదటి చమురు అదే. సౌదీ, కువైట్‌ల వంతు ఆ తర్వాతే వచ్చింది. 1936కల్లా శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. ఓడలకి చమురు ఎక్కించడానికి సిత్రాని ఎంచుకున్నారు. తీరం దగ్గర లోతు లేదు కాబట్టి సముద్రంలోకి చాలా దూరం వంతెనలా కట్టుకుంటూ పోయి అక్కడ ఓడలు నిలిపారు. ఖర్జూర తోటల దీవిలో ట్యాంకులు లేచింది అలా.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ పెంపుడు ముత్యాలు బజారులోకొచ్చి బహ్రెయిన్ ముత్యాల వ్యాపారాన్ని కూలదోశాయి. చార్మినార్ దగ్గర దుకాణాల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళు 'బస్రా ముత్యం' అంటూ గొంతు తగ్గించి మాట్లాడతారే, ఆ ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్ళవే. బస్రా రేవు మీదుగా రావడం వల్ల ఆ పేరొచ్చింది. నిజాం నగల్లో మెరిసిన ముత్యాలు కొన్నయినా బహ్రెయిన్ మునకగాడి చేతికి తగిలి ఉంటాయని నాకు అనిపిస్తుంది. ఆ పడవల మీది మనుషులే తర్వాత చమురు కంపెనీ కూలీలయ్యారు.

నీటి కోసం తొలిచిన బావులు వందలయ్యాయి. ఎవరి తోటలో వాళ్ళు బోరు వేసుకున్నారు. ఊరు పెరిగింది, దేశం పెరిగింది. కింద పొరలో ఒత్తిడి తగ్గింది, సముద్రపు నీరు ఆ ఖాళీలోకి చొరబడింది, ఊటలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బోర్ల మీద బోర్లు వేసి ఊరి బావుల్ని ఎండబెట్టుకున్న అనంతపురం వాళ్ళకీ నల్గొండ వాళ్ళకీ ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మనామా దగ్గర అధారి అనే పేరున్న పెద్ద ఊట ఉండేది. దగ్గరి తోటని వదిలి దూరపు తోటలకి నీళ్ళిచ్చేదని దాని మీద అక్కడ సామెత కూడా ఉంది, అయినవాళ్ళని వదిలేసి పైవాళ్ళకి పెట్టే మనిషిని ఎత్తిపొడవడానికి వాడతారు. ఇప్పుడు అధారి పేరుతో పిల్లల ఆటల పార్కు ఉంది. సామెత బతికుంది, ఊట లేదు.

సిత్రా కథ ఇంకో మెట్టు పైకి పోయింది. తీపి ఊటలున్న ఈ దీవి మీదే 1975లో సముద్రపు నీటిని కాచి మంచినీళ్ళు తీసే కేంద్రం పని మొదలుపెట్టింది. విద్యుత్తుతో పాటు తాగునీరు. పక్కనే ఉచితంగా ఊరిన నీటిని పోగొట్టుకుని, అదే ఒడ్డున డబ్బు పోసి, గ్యాసు మండించి నీళ్ళు తయారు చేసుకోవాల్సి వచ్చింది. సిత్రా రోడ్డు మీద ఆ పొగగొట్టాలు చూసినప్పుడల్లా నాకు అదే తోచేది. టూరిస్టు పుస్తకాల్లో ఇది ఉండదు. నన్నడిగితే బహ్రెయిన్‌లో చూడదగ్గ వింతల్లో ఇదొకటి, రోడ్డు పక్కన కారాపి అయిదు నిమిషాలు నిలబడి చూడాలి. ఫొటో మాత్రం వద్దు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

చమురు ఉన్నచోటికి యుద్ధం రాకుండా ఉంటుందా? 1940 అక్టోబరు 19న ఇటలీ విమానాలు నాలుగు రోడ్స్ దీవి నుంచి బయల్దేరి, రాత్రంతా ఎగిరి, ఈ శుద్ధి కర్మాగారం మీద బాంబులు వేశాయి. వెనక్కి పోవడానికి ఇంధనం చాలదు కాబట్టి ఎర్ర సముద్రం దాటి ఎరిత్రియాలో దిగాయి. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఇంత చేసి జరిగిన నష్టం అంతంతమాత్రం. ఆ దారిన రోజూ పనికెళ్ళే మనవాళ్ళకి ఈ సంగతి చెబితే నమ్మలేదు. "ఈడ బాంబులు ఎందుకేస్తరు సార్, గింత ఎండకి వాళ్ళే సచ్చిపోతరు" అన్నాడొకాయన.

ఇక ఉప్పునీటి వైపు వద్దాం.

సిత్రాకి పడమట తుబ్లి అఖాతం. మనామా నుంచి వంతెన మీద వచ్చేటప్పుడు కుడివైపు కనపడేది అదే. దాన్ని చూసి మురుగు వాసన వస్తోందని కారు అద్దాలు ఎత్తుకునేవాళ్ళని చూశాను. ఆ అఖాతం అంచుల్లో, రాస్ సనద్ దగ్గర, బహ్రెయిన్‌కి మిగిలిన మడచెట్లు ఉన్నాయి. మన కోరింగ అడవిలో పడవలో తిరిగినవాళ్ళకి ఈ చెట్టు కొత్త కాదు. అదే జాతి. బురదలోంచి పెన్సిళ్ళలా పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు, ఆకు వెనక ఉప్పు. కోరింగలో మీరు తలెత్తి చూసే చెట్టు ఇక్కడ మనిషెత్తు దాటితే గొప్ప. గోదావరి లాంటి నది తెచ్చే ఒండ్రు లేదు, తీపినీరు లేదు, ఎండ చూస్తే 40 డిగ్రీలు దాటి పోతుంది. అయినా బతికాయి. తుబ్లి అఖాతం 1997లోనే రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది. అటు చట్టం కాపాడుతుంటే ఇటు ఇళ్ళకోసం, రోడ్లకోసం లారీలతో మట్టి తెచ్చి పూడ్చారు. అఖాతం సగానికి సగం కుంచించుకుపోయింది. ఇప్పుడు ప్రభుత్వం 2035కల్లా మడచెట్లని నాలుగింతలు చేస్తామంటోంది, నర్సరీలో మొక్కలు పెంచి నాటుతోంది. పూడ్చిన చేతులే నాటుతున్నాయి. ఆలస్యమైనా మంచిదే.

చలికాలం అక్కడ ఫ్లెమింగోలు దిగుతాయి. నేలపట్టుకీ పులికాట్‌కీ కార్లు కట్టుకుని పోయే నెల్లూరు వాళ్ళు బహ్రెయిన్‌లో ఉద్యోగానికి వెళ్ళి, ఆఫీసుకి పోయే దారిలోనే ఆ పక్షులున్న సంగతి తెలియకుండా ఉంటారు. పోటు తగ్గినప్పుడు బురద బయటపడుతుంది. పక్షులు ముక్కులు తలకిందులు చేసి వెతుక్కుంటూ ఉంటాయి. వాటి వెనక ఆకాశంలో శుద్ధి కర్మాగారం మంట. ఈ రెండూ ఒకే చూపులో కనపడే చోటు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

దారి మధ్యలో అదే అఖాతంలో నబీ సాలిహ్ అనే చిన్న దీవి. వంతెన దాని మీదుగానే పోతుంది. అక్కడ సాలిహ్ అనే పుణ్యపురుషుడి దర్గా, పక్కన మసీదు. సఫాహియా అనే ఊట ఉండేది, చుట్టూ ఖర్జూర తోటలు. పూర్వం మనామా నుంచి కుటుంబాలతో పడవలో వచ్చి మొక్కు తీర్చుకుని, స్నానం చేసి, చెట్ల నీడన వంట చేసుకుని వెళ్ళేవారట. మన దర్గాల దగ్గర కందూరు చేసినట్టే. ఇప్పుడు కార్లు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఆ దీవిని దాటిపోతాయి.

సిత్రా పల్లెల్లోకి కూడా నడిచి వెళ్ళాలి. చిన్న సందులు, నిమ్మరంగు గోడలు, మూలమీద ఒక కోల్డ్ స్టోరు. కిరాణా కొట్టుని అక్కడ అలాగే పిలుస్తారు, నడిపేది సాధారణంగా ఏ కేరళ కుర్రాడో. ప్రతి పల్లెలోనూ మాతం అనే పెద్ద హాలు ఉంటుంది. ముహర్రం నెలలో నల్లజెండాలు ఎగురుతాయి, హుస్సేన్‌ని తలుచుకుని రాత్రుళ్ళు గుండెలు బాదుకుంటారు. పీర్ల పండక్కి ఊరంతా కదిలే తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి అది పరాయిగా అనిపించదు. 2011లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా అల్లర్లు జరిగినప్పుడు ఈ ఊళ్ళ పేర్లు వార్తల్లో బాగా నలిగాయి, అందుకే బయటివాళ్ళు ఇటు రావడానికి జంకుతారు. నాకెప్పుడూ అక్కడ గుమ్మం దగ్గర సలాం చెప్పినవాళ్ళే గాని విసుక్కున్నవాళ్ళు లేరు. అయితే అది మనుషులు కాపురముండే చోటు. కిటికీల్లోకి కెమెరా పెట్టే బుద్ధి ఉంటే అసలు వెళ్ళొద్దు.

రేవు దగ్గరికి తెల్లవారుజామునే వెళ్ళాలి. జాలరి పడవలు వచ్చేది అప్పుడే. అక్కడ గుట్టలుగా పేర్చిన తీగల బుట్టలు చూస్తారు, గుమ్మటం ఆకారంలో మనిషి నడుమెత్తున ఉంటాయి. వాటి పేరు గర్గూర్. లోపల ఎర పెట్టి సముద్రం అడుగున వదిలేస్తారు. చేప లోపలికి పోగలదు, వెనక్కి రాలేదు. కొల్లేటి మావుల గురించి తెలిసినవాళ్ళకి ఆ కిటుకు చెప్పక్కర్లేదు. పూర్వం ఖర్జూర ఈనెలతో అల్లేవారు, ఇప్పుడు ఇనుప తీగ. రెండోది హద్రా. లోతులేని నీళ్ళలో కర్రలు, ఈనెలతో కట్టిన పెద్ద కంచె, పైనుంచి చూస్తే బాణం మొనలా ఉంటుంది. పోటుతో వచ్చిన చేప నీరు వెనక్కి తీసేటప్పుడు కంచె వెంట వెళ్ళి మొనలో చిక్కుకుంటుంది. జాలరి చేసేది నడుచుకుంటూ వెళ్ళి ఏరుకోవడమే. పూడికలు వచ్చాక హద్రాలు తగ్గిపోయాయి. అక్కడ దొరికే చేపలు హమూర్, సాఫీ, చనాద్... చనాద్ అంటే మన వంజరం. రేవులో కొని పక్కనే వేయించుకుని తింటే నగరం హోటల్లో బిల్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అక్కడ వలలు బాగుచేస్తూ, ఐసు మోస్తూ కనపడేవాళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళు, తమిళులు, మనవాళ్ళు ఉంటారు.

ఈ దీవి మీదే గల్ఫ్ పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీ ఉంది. సముద్రాన్ని పూడ్చిన నేల మీద కట్టారు. అమోనియా, యూరియా, మెథనాల్ తయారు చేస్తారు. మన పొలాల్లో చల్లే యూరియా ఎలా పుడుతుందో అక్కడ చూడొచ్చు. వింత అది కాదు. ఆ ఫ్యాక్టరీ ప్రహరీ లోపల పక్షుల కోసం ఒక కొలను, చేపల పెంపకం చెరువు ఉన్నాయి. పెంచిన చేపపిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. గొట్టాల మధ్య కొంగలు. ఇదంతా కంపెనీ పేరు కోసమేనని కొట్టిపారేసేవాళ్ళున్నారు. కావచ్చు. కొంగకి ఆ సంగతి పట్టదు. గేటు దాటాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఊరికే పోతే వెనక్కి పంపేస్తారు.

ఇప్పుడు అన్నిటికన్నా నాకిష్టమైన చోటుకి వస్తాను. అది రోజులో కొన్ని గంటలే కనపడుతుంది.

సిత్రా రేవు నుంచి తూర్పుగా, ఖతార్ వైపు పడవలో పోతే జరాదా అనే ఇసుక తిన్నె వస్తుంది. పాటు సమయంలో వెళ్తే మెత్తటి తెల్ల ఇసుక, చుట్టూ పచ్చనీలం నీళ్ళు, వందలమంది ఆడుకోవచ్చు. పోటు రాగానే అంతా మునిగిపోయినట్టే. చెట్టు లేదు, కొట్టు లేదు, నీడ లేదు. యాత్రికులకి ఇది ఒక పిక్నిక్ చోటు. మనవాళ్ళు కూడా పులిహోర పొట్లాలతో, గొడుగులతో వెళ్ళి పిల్లల్ని నీళ్ళలో దించుతారు. కానీ ఈ గుప్పెడు ఇసుక కోసం రెండు దేశాలు హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం మెట్లెక్కాయి.

1991లో ఖతార్ దావా వేసింది. హవార్ దీవులు ఎవరివి, సముద్రపు గీత ఎక్కడ, జరాదా ఎవరిది. ఖతార్ వాదన ఏమిటంటే, అది దీవే కాదు, పాటులో తేలే దిబ్బ మాత్రమే. సముద్ర న్యాయంలో ఈ తేడా పెద్దది. పోటు మీద కూడా నీటి పైన నిలబడితేనే దీవి. లేకపోతే దిబ్బ, దిబ్బ మీద ఎవరికీ ప్రత్యేక హక్కు రాదు. నిపుణులు కొలతలు వేశారు. పాటులో 600 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు. పోటులో 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఎత్తు 0.4 మీటరు. అంటే మోకాలి కింద. పెద్ద పెద్ద న్యాయమూర్తులు గౌన్లు వేసుకుని కూర్చుని ఈ మోకాలెత్తు ఇసుక మీద పుటలకు పుటలు తీర్పు రాశారు. 2001 మార్చి 16న తేల్చారు: మునగని ఆ కాస్త ముక్క చాలు, జరాదా దీవే, బహ్రెయిన్‌దే. దగ్గర్లో ఉన్న ఫష్త్ అద్ దిబల్ పోటులో పూర్తిగా మునుగుతుంది కాబట్టి దాన్ని దీవిగా ఒప్పుకోలేదు, అది ఖతార్ వైపు పోయింది. హవార్ దీవులు బహ్రెయిన్‌కి, ఖతార్ తీరంలోని జుబారా ఖతార్‌కి. ఇంకో చమత్కారం చూడండి. జరాదా దీవే అని ఒప్పుకుంటూనే, ఇంత చిన్నదానికి సరిహద్దు గీతని జరిపే బలం ఇవ్వలేమన్నారు. గీతని దానికి తూర్పుగా ఆనుకుని గీసేశారు. బిరుదు ఇచ్చారు, మాన్యం ఇవ్వలేదు.

జరాదా మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్ళకి కాళ్ళకింద ఇంత కథ ఉందని తెలిస్తే ఆ ఇసుకని ఇంకో రకంగా తొక్కుతారని నా నమ్మకం. అటు వైపు నీళ్ళలోనే సముద్రపు గడ్డి మేసే డుగాంగులు ఉన్నాయి, మంచి నిదానమైన జంతువులు. ఆస్ట్రేలియా తర్వాత వాటి అతిపెద్ద మంద బహ్రెయిన్, ఖతార్ల మధ్యే కనపడింది. పడవ హోరుకి దగ్గరికి రావు. చూశామని ఎవరైనా గొప్పలు చెబితే సగం నమ్మండి.

నాకు ఈ చోట్లు చూపించిందెవరో చెప్పలేదు. ఏ గైడూ కాదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు. కంపెనీ వ్యాను నడిపేవాడు, సిత్రాలోనే ఉండేవాడు, ఒక రూములో పది మంచాలు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. జుమ్మా రోజు సెలవు. చేతిలో డబ్బుండదు, మాల్‌కి పోతే ఖర్చు, అందుకని నడిచేవాడు. ఏ మలుపులో నీడ ఉంటుందో, ఏ రేవులో చేప చవకో, పాటు ఎన్నింటికో ఆయనకి తెలిసినంత నాకు ఏ పుస్తకం చెప్పలేదు. "అన్నా, పొద్దుగూకంగ పోదాం, అప్పుడు సముద్రం ఎన్కకు పోయి ఉంటది, పక్షులు వస్తయి" అనేవాడు. ఇంట్లోవాళ్ళకి వీడియో కాల్ చేసి ఫ్లెమింగోల్ని చూపించాడు ఒకసారి. వాళ్ళమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "తిన్నవా బిడ్డా?" రెండోది, "ఆ కొంగలు గంత ఎర్రగున్నయేంది?"

మనామాలో తెలుగు కళా సమితి ఉగాదికీ సంక్రాంతికీ వేదిక ఏర్పాటు చేస్తుంది, పాటలు, నాటకాలు, భోజనాలు బాగా జరుగుతాయి. వాళ్ళు ఒక జుమ్మా నాడు పిల్లల్ని బస్సెక్కించి తుబ్లి ఒడ్డుకి తీసుకెళ్ళి, ఇదిగో ఇది మన కోరింగ చెట్టని చూపిస్తే బాగుంటుందని నా కోరిక. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి అమ్మమ్మ ఊరూ తెలియదు, ఉంటున్న ఊరూ తెలియదు. రెండూ ఒకే చెట్టు దగ్గర దొరుకుతాయి.

వెళ్దామనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. నవంబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. పక్షులు కూడా అప్పుడే. జూన్, జులై, ఆగస్టుల్లో ఈ చోట్ల జోలికి పోవద్దు, ఉక్కతో ప్రాణం పోతుంది. శుద్ధి కర్మాగారం, ట్యాంకులు, విద్యుత్ కేంద్రం వైపు కెమెరా ఎత్తకండి, కాపలావాళ్ళు ఆపుతారు, వాళ్ళు చేసేది సబబే. తుబ్లి బురదలో దిగొద్దు, పైకి గట్టిగా కనపడి మోకాలి దాకా లాగేస్తుంది. దర్గాకీ మాతంకీ వెళ్తే బట్టలు ఒంటి నిండా ఉండాలి. పల్లెలో దారి అడగాలంటే ముందు సలాం, తర్వాత ప్రశ్న.

జరాదాకి పోయేటప్పుడు మటుకు పోటుపాట్ల సమయం ఆ రోజుది చూసుకుని బయల్దేరండి. రోజూ ఇంచుమించు ముప్పావుగంట జరుగుతుంది, నిన్నటి సమయం ఇవాళ పనికిరాదు. తాగే నీళ్ళు, టోపీలు, తెచ్చిన చెత్త వెనక్కి తీసుకెళ్ళడానికి ఒక సంచి వెంట ఉంచుకోండి. పడవాయన ఇక లేవండని కేకేస్తే, ఇంకొక్క ఫొటో అని బతిమాలకుండా లేచి పడవెక్కండి.